బావరి భయం – బుద్ధుని సమాధానం

మన పాత కథలలో శాపాలకు కొదువ లేదు. తెలిసియుండి సమాధానం చెప్పకపోతే తల వేయి వ్రక్కలవుతుందని భేతాళుడు విక్రమార్కుని బెదిరించిన సంగతి పిల్లలకు సైతం తెలిసినదే. అంతకంటె ప్రాచీనమైన శాపకథ ఒకటి బౌద్ధ వాఙ్మయంలో ఉన్నది. అందులో తల వేయి వ్రక్కలు కాదు, ఏడు వ్రక్కలు కావలసి ఉన్నది. ఆ కథకు రంగస్థలం గోదావరి తీరం. మన సీమ బౌద్ధ గ్రంథాలలో కనిపించే తొలి ఘట్టాలలో అది ఒకటి. అందులో యుద్ధం లేదు, రాజ్యం కొరకు పోరు లేదు. ఒక వృద్ధుడు ఒక మాట విని భయపడినాడు. ఆ భయానికి అర్థమేమో తెలిసికొనుటకు తన శిష్యులను మగధదేశం దాక పంపినాడు. కథ అంతే.

మనిషి అనుభవించే దుఃఖంలో ఎంత భాగం బయటినుండి వస్తుంది? ఎంత భాగం మనస్సు కల్పించుకొంటుంది? మనిషి చేసే పనికి మూలం చేతిలో ఉన్నదా, చిత్తంలో ఉన్నదా? బౌద్ధం ఈ రెండు ప్రశ్నలను వేరువేరుగా చూడలేదు. రెండింటిని కలిపి చూచిన తీరు బావరి కథలో స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ కథ పాలిభాషలోని సుత్తనిపాతంలో ఉన్నది. ఆ గ్రంథంలో చివరి భాగానికి పారాయణవర్గమని పేరు. పదహారుగురు జిజ్ఞాసువులు వేసిన ప్రశ్నలు, వాటికి బుద్ధుడిచ్చిన సమాధానాలు అందులోని విషయం. బౌద్ధ వాఙ్మయంలో మిక్కిలి ప్రాచీనమైన భాగాలలో ఇది ఒకటి అని పండితుల అభిప్రాయం. ఆ ప్రశ్నలకు ముందు ఉపోద్ఘాతంగా ఉన్న బావరి కథ మాత్రం తరువాత చేరినదని అంటారు. చూళనిద్దేసమనే పురాతన వ్యాఖ్యానం ప్రశ్నలకు అర్థం చెప్పి, ఉపోద్ఘాతాన్ని విడిచిపెట్టడమే అందుకు ఆధారం. అయినను ఒక మాట నిశ్చయంగా చెప్పవచ్చును. ఆ ఉపోద్ఘాతం కూర్చిన నాటికి, ఇంతటి ప్రశ్నలు పుట్టదగిన చోటు గోదావరి తీరమని బౌద్ధులు భావించినారు.

బావరి కోసలదేశం నుండి దక్షిణాపథానికి వచ్చిన బ్రాహ్మణుడు. అశ్మక రాజ్యంలో, అళక రాజ్యానికి సమీపాన, గోదావరి ఒడ్డున ఆశ్రమం ఏర్పరచుకొన్నాడు. బుద్ధుని కాలపు పదహారు మహాజనపదాలలో దక్షిణాపథానికి చెందినది అశ్మకం ఒక్కటే. దాని రాజధానిని పాలి గ్రంథాలు పోతన అని పేర్కొన్నవి. నిజామాబాదు జిల్లాలోని నేటి బోధన్ పట్టణమే ఆ నగరమని అనేక చరిత్రకారులు నిర్ణయించినారు. నిర్మల్ జిల్లాలో గోదావరి రెండు పాయలుగా చీలి దీవి చేసిన బాదనకుర్తి గ్రామమే బావరి ఆశ్రమస్థానమని మరికొందరు ప్రతిపాదించినారు. సికింద్రాబాదు నుండి నిజామాబాదు మీదుగా ఉత్తరానికి పోయే రైలు బాసర వద్ద గోదావరిని దాటుతుంది. ఆ దారిన ప్రయాణం చేసినవారు ఈ కథ జరిగిన నదిని కిటికీలో నుండి చూచినవారే.

ఇక కథ. బావరి ఒక మహాయజ్ఞం చేసి, ఉన్నదంతా దానమిచ్చి ఆశ్రమానికి తిరిగి వచ్చినాడు. అంతలో మరొక బ్రాహ్మణుడు వచ్చినాడు. కాళ్ళు వాచియున్నవి, తల దుమ్ము కొట్టుకొని ఉన్నది. అయిదు వందలు ఇమ్మని అడిగినాడు. ఉన్నదంతా ఇచ్చివేసినాను, నావద్ద ఏమియు లేదు, మన్నించుమని బావరి బతిమాలుకొన్నాడు. వచ్చినవాడు వినలేదు. అడిగినది ఇవ్వకపోతే ఏడవనాడు నీ తల ఏడు వ్రక్కలవుతుందని, ఏదో మంత్రతంత్రం నటించి శపించి వెళ్ళిపోయినాడు.

బావరికి ఆ మాట ములుకై నాటుకొన్నది. అన్నం మానినాడు, చిక్కిపోయినాడు. ఎన్ని యేండ్లుగానో అలవడిన ధ్యానంలో సైతం మనస్సు నిలువలేదు. అప్పుడొక దేవత అతని మేలు కోరి కనబడి, ఆ శపించినవాడు డబ్బు కొరకు వచ్చిన మోసగాడు, తల అంటే ఏమిటో, తల పగులుట అంటే ఏమిటో వానికి తెలియదు అని చెప్పినది. అయితే నీకు తెలుసునా అని బావరి అడిగినాడు. నాకును తెలియదు అని దేవత ఒప్పుకొన్నది. అది తెలిసినవాడు శాక్యకులంలో పుట్టిన బుద్ధుడు, అతనిని అడుగుమన్నది. ఆ పేరు వినగానే బావరి శోకం పలుచబడినదని గ్రంథం చెప్పుతున్నది. వెంటనే అతడు పదహారుగురు శిష్యులను ప్రయాణం చేయించినాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించవలె. బావరికి జరిగినది ఏమిటి? అతనిని ఎవరును కొట్టలేదు. అతని ఆస్తి ఎవరును అపహరించలేదు. ఒక అపరిచితుని నోట నాలుగు మాటలు వెలువడినవి. తిండి పోయినది, కండ పోయినది, ధ్యానం పోయినది. ఇవన్నీ ఆ మాటలు చేసిన పనులా, లేక ఆ మాటలను పట్టుకొన్న మనస్సు చేసిన పనులా?

బౌద్ధం దీనికి చెప్పిన వివరణ సంయుత్తనికాయంలోని ఒక ఉపమానంలో దొరుకుతుంది. ఒకనికి బాణం తగిలినది. నొప్పి కలిగినది. ఆ వెంటనే అదే మనిషికి రెండవ బాణం తగిలినది. మొదటిది శరీరానికి తగిలిన బాధ. రెండవది ఆ బాధను తలచుకొని కుమిలిపోవుట, గుండె బాదుకొనుట, దిక్కు తోచకపోవుట. తెలియనివానికి రెండు బాణాలు తగులుతవి. తెలిసినవానికి మొదటిది మాత్రమే తగులుతుంది. శరీరబాధ మిథ్య అని బుద్ధుడు అనలేదు. మొదటి బాణం అందరికీ తగిలేదే. బావరి విషయంలో విశేషమేమంటే, మొదటి బాణం తగులకుండానే రెండవది దిగినది.

దుఃఖం సంగతి ఇది. కర్మ సంగతి దీనికి జతగా నడుస్తుంది. బావరి కాలంలో కర్మ అనగానే తోచేది యజ్ఞకర్మ. వేదిక, సమిధలు, మంత్రం, దక్షిణ సక్రమంగా ఉంటే కర్మ సఫలం. బుద్ధుడు ఈ మాటను తీసికొని దాని చోటు మార్చినాడు. చేతనయే కర్మ అన్నాడు. చేతన అంటే ఒక పని చేయుటకు చిత్తం పూనుకొనుట, సంకల్పించుట. అది ముందు కలుగుతుంది. కాయం, వాక్కు, మనస్సు దాని వెంట నడుస్తవి. కాబట్టి పనిలోని మంచిచెడ్డలను తూచేటప్పుడు బయటి ఆకారం కంటె లోపలి పూనికను చూడవలె. ఈ కొలతతో కొలిచినచో, లేదని చెప్పిన బావరిది లోభం కాదు, అతనివద్ద నిజంగానే లేదు. శాపం పెట్టినవాని మంత్రం ఎంత గంభీరంగా వినబడినను అది లోభమే.

ధమ్మపద వ్యాఖ్యానంలోని మొట్టమొదటి కథ దీనికి ఉదాహరణ. చక్షుపాలుడనే అంధభిక్షువు వాన కురిసిన నేలమీద నడుస్తుండగా ఆరుద్రపురుగులు అనేకం అతని పాదాల కింద చచ్చినవి. తోటి భిక్షువులు బుద్ధునివద్దకు పోయి ఫిర్యాదు చేసినారు. అతడు వాటిని చూడలేదు, చంపవలెనన్న తలపు అతనికి లేదు, కనుక అతనికి ప్రాణిహింసాదోషం లేదని బుద్ధుడు తీర్పు చెప్పినాడు. అయితే అదే భిక్షువు పూర్వజన్మలో వైద్యుడై, ఇస్తానన్న ప్రతిఫలం ఎగవేయజూచిన ఒక స్త్రీ కండ్లకు కావాలని చెడ్డ మందు వేసి గుడ్డిదానిని చేసినాడట. చూచేవారికి అది మందు వేయుటగానే కనబడినది. మందు వేసిన చేతి వెనుక ఉన్న తలపు మాత్రం వేరు.

ఈ సిద్ధాంతాన్ని వినగానే కొందరికి మరొక అనుమానం కలుగవచ్చును. అట్లయితే లోకంలో రోగులు, పేదలు, కష్టపడేవారు అందరును తమ పూర్వకర్మను అనుభవిస్తున్నవారే కదా, ఇతరులు చేయవలసినది ఏమున్నది? ఈ అభిప్రాయం మన సంఘంలో ఎంత లోతుగా పాతుకొన్నదో చెప్పనక్కరలేదు. బుద్ధుని కాలంలోను ఉన్నది. శివకుడనే పరివ్రాజకుడు వచ్చి, మనిషి అనుభవించే ప్రతి వేదనకు పూర్వకర్మయే కారణమని కొందరంటారు, మీరేమంటారని అడిగినాడు. బుద్ధుడు ఒప్పుకొనలేదు. పిత్తం వలన, శ్లేష్మం వలన, వాతం వలన, ఆ మూడును కలియుట వలన, ఋతువులు మారుట వలన, అజాగ్రత్త వలన, ఇతరులు కొట్టుట వలన కూడ వేదనలు కలుగుతవి. కర్మఫలం వీటి సరసన ఎనిమిదవది మాత్రమే. అన్నింటిని కర్మకు అంటగట్టేవారు తమకు ప్రత్యక్షంగా తెలిసిన దానిని, లోకం ఎరిగిన దానిని దాటిపోతున్నారని ఆయన భావం. ఇది మరచినచో, మనస్సును గురించి బౌద్ధం చెప్పినదంతా బాధపడేవానిని నిందించుటకు పనికివచ్చే ఆయుధమైపోతుంది.

మళ్ళీ ప్రయాణానికి వద్దాము. శిష్యులు నడిచిన దారిని గ్రంథం ఊరూరు పేరు పెట్టి చెప్పినది. ప్రతిష్ఠానం, అంటే నేటి మహారాష్ట్రలోని పైఠాన్. అక్కడినుండి మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి, కపిలవస్తు, కుశీనగరం, వైశాలి, చివరకు మగధ. ఆనాటి దక్షిణాపథ వర్తకమార్గానికి ఇది ఒక విలువైన సాక్ష్యం. కాలినడకన పోయేవారికి ఇది నెలల ప్రయాణం. శాపానికి గడువు ఏడు దినాలే. అంటే శిష్యులు ఇంకా గోదావరి ప్రాంతం దాటకముందే ఆ ఏడవనాడు వచ్చి వెళ్ళిపోయి ఉండవలె. ఆ నాడు ఆశ్రమంలో ఏమి జరిగినదో గ్రంథం ఒక్క మాటయినా చెప్పలేదు. ప్రశ్న అడుగవలెనని నిశ్చయించుకొన్న మనస్సుకు గడువుతో పని లేకపోయినది.

మగధలో శిష్యులు బుద్ధుని దర్శించి, గురువు చెప్పినట్లు ప్రశ్నను మనస్సులోనే అడిగినారు. ఆయన పైకి సమాధానం చెప్పినాడు. తల అంటే అవిద్య. దానిని పగులగొట్టేది విద్య. శ్రద్ధ, స్మృతి, సమాధి, సంకల్పం, వీర్యం ఆ విద్యకు తోడు. ఈ సమాధానంలోని చమత్కారాన్ని గమనించవలె. శాపం అబద్ధమని తోసిపుచ్చి ఊరుకొనక, ఆ శాపపు మాటలకే కొత్త అర్థం చెప్పినాడు. తల పగులుట భయపడవలసిన విషయం కాదు, కోరుకొనవలసిన విషయమైనది.

శిష్యులలో మోఘరాజు అనేవాడు అంతకుముందు రెండుసార్లు అడిగినను సమాధానం రాలేదు. మూడవసారి అడిగినాడు. లోకాన్ని ఎట్లు చూచినవానిని మృత్యువు చూడజాలదని అతని ప్రశ్న. నేను అనే దృష్టిని పెకలించి, లోకాన్ని శూన్యంగా చూడుమని బుద్ధుడు చెప్పినాడు. గోదావరి శిష్యుడు విన్న ఆ శూన్యమనే మాట కొన్ని శతాబ్దాల తరువాత కృష్ణాతీరంలో మహాశాస్త్రంగా పెరిగినదనుట అతిశయోక్తి కాదు. ఆచార్య నాగార్జునుని శాతవాహన రాజుకు మిత్రునిగా బౌద్ధ సంప్రదాయం చెప్పుతున్నది. ఆయన మూలమధ్యమకకారికలో 27 ప్రకరణాలు ఉన్నవి. అందులో పదిహేడవది కర్మఫలాల పరీక్ష. కర్మ రెండు విధాలని, ఒకటి చేతన, రెండవది చేతన కలిగిన పిదప జరిగేదని ముందు పూర్వుల మాటను ఉటంకించి, తరువాత చిక్కు ప్రశ్నను ఎత్తినాడు. చేసిన పని క్షణంలో ముగిసిపోతుంది. ఫలం ఎప్పుడో వస్తుంది. నడుమ అది ఎక్కడ నిలిచి ఉంటుంది? విత్తనం నుండి మొలక, మొలక నుండి ఫలం వచ్చినట్లు చిత్తపరంపరలో వస్తుందని కొందరు. అప్పుపత్రం వలె చెల్లేదాక నిలిచి ఉండేది ఏదో ఉన్నదని మరికొందరు. కర్మకు, కర్తకు, ఫలానికి తమంతట తాముగా ఉండే స్వభావం లేదు కనుకనే అవి ఒకదానినొకటి ఆశ్రయించి సాగుతున్నవని నాగార్జునుని సిద్ధాంతం. మారని స్వభావం ఉన్నచో దొంగ ఎన్నడును దొంగగానే ఉండవలె, దుఃఖితునికి విముక్తి ఉండరాదు.

ఇట్టి చర్చలు ఒక్క నాగార్జునునితోనే ఆగలేదు. కథావత్థు అనే పాలి గ్రంథానికి బుద్ధఘోషుని పేర ప్రసిద్ధమైన వ్యాఖ్య, అంధకులనే నిర్దేశంతో పూర్వశైల, అపరశైల, రాజగిరిక, సిద్ధార్థిక శాఖలవారిని పేర్కొన్నది. వీరు ఆంధ్రదేశపు కొండలమీద విహారాలలో నివసించినవారు. చేసిన కర్మ ఒకటి, దాని సంచయం మరొకటి అని వాదించినవారిలో అంధకులు ఉన్నారని ఆ వ్యాఖ్య చెప్పుతున్నది. నేడు శిథిలాలుగా కనిపించే ఆ విహారాలలో ఒకప్పుడు మనిషి మనస్సును గురించి ఇంత సూక్ష్మమైన వాదం నడచినదన్నమాట.

ఆ వాదాలు భిక్షువులకే పరిమితం కాలేదనుటకు శాసనాలు సాక్ష్యం. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. అతని సోదరి శాంతిశ్రీ, వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో మహాచైత్యానికి స్తంభాలు ప్రతిష్ఠించినది. ఆ దానం ఏ తలపుతో చేసినదో శాసనంలో చెక్కించినది. ఉభయలోకాల హితం, నిర్వాణం ఆమె కోరినవి. ఒకే ఇంటిలో అన్నది యజ్ఞమార్గం, చెల్లెలిది చైత్యమార్గం. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరపు శాసనం ఒకటి దొరికినది. అందులో ధర్మచక్రస్తంభం నిలిపిన దాత రాజుగారి ప్రధాన వైద్యుడు. దుఃఖాన్ని రోగం వలె, తృష్ణను నిదానం వలె, మార్గాన్ని మందు వలె చూచిన ధర్మానికి ఒక వైద్యుడు స్తంభం ఎత్తుట ఎంత ఉచితంగా ఉన్నదో శ్రోతలు ఊహించుకొనగలరు.

ఇదంతా పురాతన చరిత్ర మాత్రమే అయితే ఇంతగా చెప్పుకొనవలసిన పని లేదు. బావరి గోదావరి మండలంలోనే, మన కాలంలోను, బాణామతి, చేతబడి అనే మాటలు విని మనుషులు మంచం పట్టిన సంగతులు ఉన్నవి. పట్టిన భయం అక్కడితో ఆగలేదు. ఎవరో ఒకరిని, తరచుగా దిక్కులేనివారిని, అనుమానించి కొట్టినారు, చంపినారు. భయం దుఃఖమైనది. దుఃఖం సంకల్పమైనది. సంకల్పం హింస అయినది. మనస్సు దుఃఖానికి, కర్మకు రెండింటికి మూలమన్న మాటకు ఇంతకంటె కఠోరమైన వ్యాఖ్యానం అక్కరలేదు. బావరికి ఆ దారి తెరచియే ఉన్నది. శిష్యులు అంతమంది ఉన్నారు. శపించినవానిని వెదకి పట్టుకొనుమని పంపి ఉండవచ్చును. అతడు వారిని ప్రశ్న అడుగుటకు పంపినాడు.

ఆ పదహారుగురిలో కడపటివాడు పింగియుడు, మిక్కిలి వృద్ధుడు. బలం తగ్గినది, చూపు ఆననిది, వినికిడి మందగించినది, మోహంలోనే మరణింపకుండ దారి చెప్పుమని బుద్ధుని వేడుకొన్నాడు. తరువాత గోదావరికి తిరిగి వచ్చి గురువుకు జరిగినదంతా వినిపించినాడు. అంతటివానిని విడిచి ఎట్లు ఉండగలుగుతున్నావని బావరి అడిగినాడు. శరీరం శిథిలమైనది, అక్కడికి పోజాలదు, కాని మనస్సు రేయింబవళ్ళు అక్కడనే ఉన్నదని పింగియుడు సమాధానం చెప్పినాడు. ముదిమి అనే మొదటి బాణం అతనికి తగిలియే ఉన్నది. రెండవది మాత్రం తగులలేదు. ఒకనాడు శాపపు మాట విని అన్నం మానిన గురువు, అదే తీరాన కూర్చుండి, శిష్యుని నోట ఈ మాట విన్నాడు.